ఒంటికి కుదిరిన సైకిల్ సీటు: రెండోది ముందే కొని పెట్టుకోవాలా?

సైకిల్ టైరు అరిగిపోతే దాని పక్కన అచ్చువేసిన అంకెలు చూసి షాపులో చెబితే చాలు. 700×32 అని ఉంటే ఏ కంపెనీ టైరైనా అదే రిమ్ముకు ఎక్కుతుంది. చైను కావాలంటే వెనక ఎన్ని గేర్లో చెప్పాలి. బ్రేకు కేబుళ్లు, బేరింగు గుళ్లు, ట్యూబు వాల్వు, అన్నింటికీ ఏదో ఒక కొలత ఉంది. కొలత ఉన్న వస్తువుకు బదులు వస్తువు దొరుకుతుంది. సీటు మాత్రం ఈ పద్ధతికి లొంగదు. సీటును బిగించడానికి దాని అడుగున ఉండే రెండు కడ్డీలకు, అంటే రెయిళ్లకు కొలత ఉంది గానీ మనిషి కూర్చునే పైభాగానికి లేదు. 143 మిల్లీమీటర్ల వెడల్పు అని రాసి ఉన్న రెండు కంపెనీల సీట్లలో ఒకదాని మీద ఆరు గంటలు హాయిగా కూర్చునే మనిషి, రెండోదాని మీద గంట తిరక్కుండానే పెడళ్ల మీద లేచి నిలబడాల్సి రావచ్చు.

అందుకే ఒక్క రోజులో రెండు వందల, మూడు వందల కిలోమీటర్లు తొక్కేవాళ్లలో ఒక అలవాటు కనిపిస్తుంది. సీటు ఒంటికి కుదిరిందని గట్టిగా తేలగానే అదే మోడల్‌ది ఇంకొకటి కొంటారు. మొదటిది ఇంకా కొత్తగానే ఉండగా రెండోది ఎందుకని ఇంట్లోవాళ్లు అడగడం సహజం. సైకిల్ మొత్తంలో ముందుచూపుతో జతగా కొనదగిన భాగం ఏదైనా ఉంటే అది సీటే. అయితే కొన్న తర్వాత దాన్ని ఎక్కడ ఉంచుతారన్నదే అసలు సంగతి. అటక మీద దాచిన సీటు అవసరమైన రోజున తీసి చూస్తే అనుకున్నట్టు ఉండదు. ఎందుకో తెలియాలంటే సీటు మీద మనిషి ఎలా కూర్చుంటాడో, సీటు దేనితో తయారవుతుందో కొంచెం చూడాలి.

రెండు ఎముకల మీద బరువు

కుర్చీలో కూర్చున్నప్పుడు పిరుదులు, తొడలు బరువును పంచుకుంటాయి. సైకిల్ మీద తొడలు ఆడుతూ ఉండాలి కాబట్టి ఆ వెసులుబాటు లేదు. కటి ఎముక అడుగున గుబ్బల్లా ఉండే రెండు ఎముకలే బరువులో ఎక్కువ భాగం మోయాలి. రాతి మెట్టు మీద కూర్చుని పిరుదుల కింద అరచేతులు పెట్టుకుంటే అవి స్పష్టంగా తగులుతాయి. వాటి మధ్య దూరం మనిషి మనిషికీ మారుతుంది. సగటున ఆడవాళ్లకు కొంచెం ఎక్కువ ఉంటుంది. ఇంట్లోనే కొలుచుకోవచ్చు: ముడతల అట్టపెట్టె ముక్క ఒకటి గట్టి బల్ల మీద పెట్టి, దాని మీద కాసేపు కూర్చుని లేస్తే రెండు గుంటలు పడతాయి. గుంటల నడిబిందువుల మధ్య దూరమే ఆ కొలత. ఒకే సీటును 130, 143, 155, 168 మిల్లీమీటర్ల వంటి వేర్వేరు వెడల్పుల్లో తయారు చేయడం ఈ తేడా వల్లే.

వెడల్పు కుదరడం సగం పని. వంపు, ముక్కు పొడవు, మధ్యలో గాడి, స్పాంజి గట్టిదనం మిగతా సగం. మెత్తని సీటే సుఖమైన సీటని కొత్తగా సైకిల్ కొన్నవాళ్లలో చాలామంది అనుకుంటారు. పది నిమిషాల ప్రయాణానికి అది నిజమే. గంటలు గడిచేకొద్దీ ఎముకలు స్పాంజిలోకి దిగిపోతాయి, పక్కకు తోసుకుపోయిన స్పాంజి మధ్యలో పైకి ఉబుకుతుంది. సరిగ్గా ఆ మధ్యలోనే మర్మాంగాలకు వెళ్లే నరాలు, రక్తనాళాలు ఉంటాయి. అక్కడ ఒత్తిడి పెరిగితే తిమ్మిరి వస్తుంది. అమెరికాలో పనిచేసేచోట ఆరోగ్య సమస్యలను పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ ఈ విషయాన్ని సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసుల్లో పరిశీలించింది. ముక్కు లేని సీట్లకు మారి ఆరు నెలలు వాడిన తర్వాత వాళ్లలో తిమ్మిరి బాగా తగ్గిందని 2008లో ప్రచురించింది. తిమ్మిరిని అలవాటైపోతుందిలే అని వదిలేయకూడదు. తిమ్మిరి తెప్పించే సీటు ఎంత ఇష్టమైనదైనా, ఎంత అందంగా ఉన్నా, దానికి జత కొనకూడదు.

ఇన్ని సంగతులు ఒకేసారి కలిసిరావాలి కాబట్టి సరైన సీటు తొలి ప్రయత్నంలో దొరకడం అరుదు. మూడో నాలుగో సీట్లు మారతాయి. ప్రతిదాన్నీ కొన్ని వారాలు తొక్కి చూడాలి. మధ్యలో తొడలు ఒరుసుకుని పుండ్లు, రద్దయిన ఆదివారాలు, అచ్చిరాక సగం ధరకు అమ్మేసిన సీట్లు. రెండో సీటు ధరను షాపులోని ఇంకో సీటు ధరతో పోల్చి ఎక్కువా తక్కువా అని చూస్తే లెక్క తప్పుతుంది. ఈ వెతుకులాట మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే ఎంత అవుతుందో దానితో పోల్చాలి.

మోడళ్లు ఎందుకు మాయమవుతాయి

పేరున్న సైకిల్ సీట్లలో పెద్ద భాగం ఇటలీ ఈశాన్యంలోని వెనెటో ప్రాంతపు కంపెనీలవి. సెల్లె ఇటాలియా, సెల్లె శాన్ మార్కో, సెల్లె రాయల్ మూడూ అక్కడివే. వాటి చరిత్ర చూస్తే సీటు ఆకారం కూడా బట్టల ఫ్యాషన్‌లాగే మారుతూ వచ్చిందని తెలుస్తుంది. 1980లో వచ్చిన సెల్లె ఇటాలియా టర్బో గుండ్రటి అంచులతో, దళసరి స్పాంజితో ఉండేది. ఆ దశకంలో పోటీ సైకిళ్ల మీద అది మామూలు దృశ్యం. 1990లో అదే కంపెనీ ఫ్లైట్ తెచ్చింది. సన్నగా, తేలికగా, టైటానియం రెయిళ్లతో వచ్చిన ఆ సీటు తర్వాత అందరూ తేలిక సీట్ల వైపు వెళ్లారు. 2015లో స్పెషలైజ్డ్ కంపెనీ పవర్ అనే పొట్టి ముక్కు సీటు విడుదల చేశాక గాలి ఇంకోవైపు తిరిగింది. కొన్నేళ్లలోనే దాదాపు ప్రతి కంపెనీ పొడవు ముక్కు సీట్లను తగ్గించుకుంటూ పొట్టివాటిని పెంచింది. 2020 ప్రాంతంలో స్పాంజి బదులు త్రీడీ ప్రింటింగ్‌తో అల్లిన జాలీ సీట్లు వచ్చాయి.

ఈ మార్పుల్లో చాలా వరకు మేలే జరిగింది. మధ్యలో గాడి ఉన్న సీట్లు, రకరకాల వెడల్పులు ఇప్పుడు మామూలైపోయాయి. కానీ పాత ఆకారానికి కుదురుకున్న మనిషి శరీరం కంపెనీ క్యాటలాగుతో పాటు మారదు. మోడల్ ఆపేస్తున్నామని ఎవరూ ముందుగా చాటింపు వేయరు. ముందు ఒక రంగు కనిపించకుండా పోతుంది, తర్వాత ఒక వెడల్పు, ఆ తర్వాత మిగిలిన స్టాకు తగ్గింపు ధరకు వస్తుంది. కుదిరిన సీటు మీద హఠాత్తుగా పెద్ద తగ్గింపు కనిపిస్తే జత కొనడానికి అదే సమయం. మన దేశంలో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. చాలా మోడళ్లు దిగుమతి అయ్యేవే కాబట్టి దిగుమతిదారు తెప్పించడం మానేస్తే, యూరప్‌లో ఇంకా తయారవుతున్న సీటు కూడా మనకు లేనట్టే.

ఆగిపోయినవి కొన్ని తిరిగి వచ్చాయి. టర్బో, ఫ్లైట్ పాత పేర్లతోనే మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. శాన్ మార్కో కూడా తన రోల్స్, రీగల్ సీట్లను మళ్లీ అమ్మింది. అభిమానులకు అది పండగే. అయితే పేరు, బయటి రూపం ఒకటైనంత మాత్రాన లోపలి స్పాంజి, అడుగున ఉన్న ప్లాస్టిక్ పెంకు కూడా పాతవే అని ధీమాగా ఉండటానికి లేదు. నడుస్తున్న మోడల్‌లో కూడా కంపెనీ చడీచప్పుడు లేకుండా చిన్న మార్పు చేయవచ్చు. కాబట్టి జత కొనాలనుకుంటే మొదటి సీటు ఏ ఏడాదిదో దానికి దగ్గరి ఏడాదిలో కొనడం మేలు. వచ్చిన రోజే రెంటినీ తలకిందులుగా పక్కపక్కన పెట్టి పెంకు, రెయిళ్లు, గాడి కొలతలు పోల్చి చూడాలి. తేడా ఉంటే వెనక్కి పంపే గడువు ఇంకా ఉంటుంది.

ఈ పట్టుదల మామూలు తొక్కేవాళ్లది మాత్రమే కాదు. స్పాన్సర్ ఇచ్చిన సామానే వాడాలని ఒప్పందం ఉన్న ప్రొఫెషనల్ రైడర్లు కూడా సీటు దగ్గర మినహాయింపు తీసుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. తమకు నచ్చిన వేరే కంపెనీ సీటు మీద పేరు కనిపించకుండా నల్లరంగు పూసో, టేపు అంటించో తొక్కుతారు. గేర్లు, చక్రాలు, హ్యాండిల్ ఎవరివి ఇచ్చినా సర్దుకునేవాళ్లు ఇక్కడ మాత్రం సర్దుకోరు.

తోలు సీటు సంగతి వేరు

పాత రాలీ సైకిళ్లు చూసినవాళ్లకు బ్రూక్స్ సీటు గుర్తుంటుంది. దళసరి తోలు, అంచున రాగి రంగు రివిట్లు, వెనక కాయిల్ స్ప్రింగులు. జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1866లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో గుర్రపు జీనుల వంటి తోలు సామాను వ్యాపారం మొదలుపెట్టాడు. గుర్రం చనిపోతే సైకిల్ అరువు తీసుకుని, దాని సీటు మీద కూర్చోలేక కొత్త సీటు తయారీకి దిగాడని కంపెనీ చెప్పుకునే కథ. 1882లో సీటుకు పేటెంటు తీసుకున్నాడు. 2002లో కంపెనీ ఇటలీవాళ్ల సెల్లె రాయల్ చేతికి వెళ్లింది గానీ బీ17 అనే మోడల్ మాత్రం వందేళ్లకు పైగా అదే ఆకారంలో వస్తూనే ఉంది.

మోడల్ ఆగిపోదన్న ధీమా ఉంటే జత ఎందుకని అనిపిస్తుంది. నిజానికి జత ఎక్కువ అవసరమయ్యేది తోలు సీటుకే, కారణమే వేరు. తోలు సీటులో స్పాంజి ఉండదు. ముందు వెనకల మధ్య ఊయలలా లాగి బిగించిన తోలు మీదే మనిషి కూర్చుంటాడు. కొత్త చెప్పు కరిచినట్టు కొత్త తోలు సీటు కూడా మొదట్లో బాధపెడుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తొక్కాక ఎముకలు తగిలేచోట రెండు పల్లాలు పడతాయి, అప్పటినుంచి ఆ సీటు ఆ మనిషిదే. షాపులో దొరికే కొత్త బీ17, పదేళ్లు వాడిన బీ17 పేరుకు ఒకటే, కూర్చుంటే ఒకటి కాదు. పాతది హఠాత్తుగా చిరిగితే డబ్బుతో కొనగలిగేది దాని మొదటి రోజును మాత్రమే.

కాబట్టి తోలు సీటు వాడేవాళ్లు మొదటిది ఇంకా బాగున్నప్పుడే రెండోదాన్ని తొక్కడం మొదలుపెట్టాలి. దూరప్రయాణాలకు పాతది, ఇంటి దగ్గర చిన్న తిరుగుళ్లకు కొత్తది. ఇలా ఒక ఏడాది గడిస్తే రెండూ సిద్ధంగా ఉంటాయి. సీటు ముక్కు కింద తోలును బిగించే నట్టు ఒకటి ఉంటుంది. తోలు కాస్త సాగినట్టు అనిపించగానే దాన్ని తిప్పేయాలన్న ఆత్రం చాలామందికి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి పావు చుట్టు సరిపోతుంది. అదేపనిగా బిగిస్తే పడిన పల్లాలు పోయి సీటు నడుమ ఎత్తుగా లేచి గుచ్చుకుంటుంది. వానలో బాగా నానిన తోలు మీద బరువు వేసి తొక్కితే అది సాగిపోయి మళ్లీ ఆకారానికి రాదు. కవరు వేయాలి, తడిస్తే నీడలో ఆరబెట్టాలి, ఎండలో గానీ హెయిర్ డ్రయర్‌తో గానీ కాదు. వానాకాలమంతా తొక్కేవారికి తోలు అంత అనువు కాదు. 2013లో బ్రూక్స్ రబ్బరు, నూలు బట్టతో చేసిన కేంబియమ్ సీట్లు తేవడానికి ఇలాంటి అవసరమే కారణం. వాటికి అలవాటు చేసుకునే కాలం ఉండదు, తడిసినా చెడవు.

అటక మీద ఏం జరుగుతుంది

పెళ్లికో ఫంక్షన్‌కో కొన్న బూట్లు రెండు మూడేళ్లు బీరువాలో ఉండిపోయి, తీసి వేసుకుని నాలుగడుగులు వేయగానే అడుగుభాగం బిస్కెట్‌లా పొడిపొడిగా రాలిపోవడం చాలా ఇళ్లలో చూసిందే. సోఫా మీది రెక్సిన్ పొలుసులుగా ఊడటమూ అంతే. రెండింటి వెనకా ఉన్నది చాలాసార్లు పాలీయురిథేన్ అనే పదార్థమే. అందులో ఎస్టర్ బంధాలున్న రకం గాలిలోని తేమతో మెల్లగా విరుగుతుంది. రసాయనశాస్త్రంలో దీన్ని జలవిశ్లేషణ అంటారు. వేడి, తేమ కలిస్తే ఇంకా వేగంగా జరుగుతుంది. ఈథర్ రకం పాలీయురిథేన్ తేమను ఎక్కువగా తట్టుకుంటుంది. కొనేవాళ్లకు సీటు లోపల ఏ రకం ఉందో డబ్బా మీద రాసి ఉండదు.

సైకిల్ సీట్లలో స్పాంజి చాలావరకు పాలీయురిథేన్‌దే, పైతొడుగు కూడా తరచుగా అదే పూసిన సింథటిక్ బట్ట. అంటే విశాఖపట్నంలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే ఇంట్లో ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచిన సీటుకు, ఒక్క కిలోమీటరు తొక్కకపోయినా వయసు పెరుగుతూనే ఉంటుంది. రేకుల షెడ్డులో అయితే చెప్పనక్కర్లేదు. ఆరు సీట్లు కొని జీవితానికి సరిపడా ఉన్నాయనుకోవడం అందుకే పొరపాటు. నాలుగో సీటు వంతు వచ్చేసరికి అది తయారై పదిహేనేళ్లు కావచ్చు. స్పాంజి సీటుకు ఒక్క జత చాలు, దాన్ని కూడా కొన్న ఏడాదో రెండేళ్లలోనో వాడకంలోకి తేవాలి. తోలుకు వచ్చే చిక్కు బూజు. గాలి ఆడకుండా మూట కడితే వానాకాలం దాటేసరికి తెల్లగా పడుతుంది. పాత నూలు పంచె గుడ్డలో వదులుగా చుట్టి, గాలి తగిలే అరలో పెట్టి, ఎప్పుడైనా తీసి తుడుస్తూ ఉంటే సరిపోతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే రెండో సీటుకు తగిన చోటు ఇంకో సైకిల్ మీదే. చాలామంది ఇళ్లలో ఆఫీసుకు వెళ్లే పాత సైకిలో, ఇంట్లోనే కదలకుండా తొక్కే ట్రైనర్ స్టాండు మీద బిగించినదో ఒకటి ఉంటుంది. రెండో సీటు దాని మీద ఉంటే తొక్కుతూ ఉంటారు, లోపం ఉంటే వెంటనే తెలుస్తుంది, రెండు సైకిళ్ల మీదా ఒంటికి ఒకే అలవాటు ఉంటుంది. రెండో సైకిల్ లేనివాళ్లు ఆరునెలలకోసారి సీట్లు మార్చి తొక్కినా ఆ లాభంలో ఎక్కువ భాగం దక్కుతుంది.

మార్చేటప్పుడు కొలతలు

సీటు ఒకటే అయినా బిగించిన తీరు మారితే అది వేరే సీటే. బెల్జియంకు చెందిన సైకిల్ రేసుల చాంపియన్ ఎడ్డీ మెర్క్స్ ఈ విషయంలో పేరుపడ్డ మనిషి. 1969 సెప్టెంబరులో ఫ్రాన్సులోని బ్లువా ట్రాక్ మీద జరిగిన ప్రమాదంలో ఆయన కటి ఎముక దెబ్బతింది. ఆ తర్వాత పాత సుఖం తిరిగి రాలేదని ఆయనే చెప్పాడు. పోటీ మధ్యలో కూడా సీటు ఎత్తు సరిచేసుకుంటూ ఉండేవాడు. మిల్లీమీటర్ల తేడా అంత పెద్ద రైడర్‌ను కూడా అంతగా వేధించింది.

పాత సీటు విప్పే ముందే మూడు కొలతలు రాసుకోవాలి: క్రాంకు ఇరుసు మధ్య నుంచి సీటు పైవరకు ఎత్తు, సీటు ముక్కు హ్యాండిల్‌కు ఎంత దూరం, సీటు ముందుకో వెనక్కో ఎంత వాలి ఉంది. వాలు కొలవడానికి ఫోనులో లెవల్ యాప్ చాలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. వాడిన సీటులో స్పాంజి అణిగిపోయి ఉంటుంది కాబట్టి కొత్తది అదే చోట బిగించినా కొన్ని మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. సీటును మోసే గొట్టం, అంటే సీటుపోస్టు మీద పాత గుర్తు దగ్గరే ఆపితే కాలు ఎక్కువ చాచాల్సి వస్తుంది, నడుము అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనక నొప్పి మొదలవుతుంది. కొత్త సీటు పడలేదన్న ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి ఈ ఎత్తు తేడావే.

రెయిళ్లు కూడా చూసుకోవాలి. ఉక్కు, టైటానియం రెయిళ్లు మామూలుగా 7 మిల్లీమీటర్ల గుండ్రటివి. కార్బన్ రెయిళ్లు 7×9 లేదా 7×10 కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. రెయిళ్లను సీటుపోస్టుకు పక్కనుంచి నొక్కి పట్టే క్లాంపులు ఒకదానికి చేసినవి రెండోదానికి పట్టవు, బలవంతంగా బిగిస్తే కార్బన్ చిట్లుతుంది. కొత్త సైకిల్ కొనే ఆలోచన ఉన్నవాళ్లు జతగా ఉక్కు రెయిళ్ల సీటు తీసుకుంటే కొన్ని గ్రాములు బరువు పెరిగినా ఎక్కువ సైకిళ్లకు పనికొస్తుంది.

ఎప్పుడు కొనకూడదో కూడా చెప్పుకోవాలి. తొక్కడం మొదలుపెట్టి ఏడాది కూడా కానివాళ్లు ఆగడం మంచిది. మొదటి నెలల్లో నడుము వంగే తీరు, బరువు, హ్యాండిల్ ఎత్తు అన్నీ మారుతుంటాయి. నిటారుగా కూర్చుంటే వెడల్పు సీటు, ముందుకు వంగితే సన్నది కుదురుతుంది కాబట్టి హ్యాండిల్ ఐదు సెంటీమీటర్లు దిగితే నిన్నటి ఇష్టమైన సీటు ఇవాళ వేరేలా అనిపించవచ్చు. కాన్పు తర్వాత, పెద్ద ఆపరేషన్ తర్వాత, వయసుతో నడుము బిగిశాక కూడా అంతే. జత కొనే ముందు ఆ సీటు మీద కనీసం ఒక పొడవైన రోజు గడవాలి. నిర్ణీత దూరాన్ని గడువులోపు తొక్కి ముగించే బీఆర్ఎమ్ అనే దూరప్రయాణాలు దీనికి మంచి పరీక్ష. హైదరాబాద్‌లోనూ జరిగే ఈ ప్రయాణాల్లో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు గడువు. నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ అయితే 1200 కిలోమీటర్లు, 90 గంటలు. 300 తొక్కి దిగాక కూడా సీటు గురించి ఆలోచనే రాకపోతే అది జత కొనదగిన సీటు. ముందు చేతులో, మెడో నొప్పి పెట్టాయంటే పర్వాలేదు, అది హ్యాండిల్ సంగతి.

ఇంట్లో ఉన్న జత దారిలో ఆదుకోదు. రాత్రి పదింటికి సూర్యాపేట దాటాక సీటుకు ఏమైనా అయితే, అది తరచుగా సీటుపోస్టు క్లాంపు బోల్టు విరగడమే. అదే కొలత బోల్టు ఒకటి టూల్ బ్యాగులో వేసుకుంటే బరువు తెలియదు. రెయిలే విరిగితే తెల్లవారాక చాలా చిన్న ఊళ్లలో కూడా సైకిల్ షాపు దొరుకుతుంది. పాత నల్ల సైకిళ్ల స్ప్రింగు సీటు ఇప్పటి సీటుపోస్టు తలకు పట్టదు. రేంజర్ సైకిల్ సీటు అడగాలి. దాని అడుగున ఉన్న ఇనుప క్లిప్పు విప్పేస్తే మిగిలే రెయిళ్లు మామూలుగా గుండ్రటి క్లాంపులో కూర్చుంటాయి. అది ఒంటికి కుదరదు, కుదరాల్సిన అవసరమూ లేదు, ఇల్లు చేరితే చాలు.